డీఎల్ఎల్‌ను లోడ్ చేయకుండా అందులో ఇంటర్‌ఫేస్ వెతకడం

సమస్య

చీమకుర్తి గ్రానైట్ యార్డులో లారీల కాటాకు మేం రాసిన ప్రోగ్రాం నడుస్తోంది. కాటా యంత్రం రకాన్ని బట్టి ఒక్కో డీఎల్ఎల్ (ప్రోగ్రాంకు ప్లగిన్‌లా తగిలించే విడి కోడ్ ఫైలు). కాటా క్లాసులో ఏ పనులు ఉండాలో చెప్పే 'ఐకాటా' ఇంటర్‌ఫేస్‌ ఉన్న క్లాసు ఎందులో ఉందో ప్రోగ్రాం తెరవగానే ఫోల్డరంతా వెతుకుతుంది. ఒకరోజు ఆపరేటర్ ఫోన్ చేశాడు: "అన్నా, కొత్త ఫైలు ఎక్కటంలా. ఎవరో వాడుకుంటా ఉండారంటంది." ప్రోగ్రాం మూద్దామంటే గేటు బయట బండలతో లారీలు వరసగా ఉన్నాయి.

కారణం

వెతకడానికి, డీఎల్ఎల్‌ను ప్రోగ్రాంలోకి ఎక్కించే అసెంబ్లీ.లోడ్‌ఫ్రమ్ వాడాం. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో లోడైన అసెంబ్లీని (అంటే డీఎల్ఎల్‌ను) విడిగా దించలేం, అది ఎక్కి ఉన్న ప్రోగ్రాం విభాగం, అంటే యాప్‌డొమైన్ మొత్తం పోవాలి. అందాకా ఫైలు లాకే. అక్కర్లేని డీఎల్ఎల్‌లు కూడా అలాగే ఇరుక్కున్నాయి.

పరిష్కారం

ఏ క్లాసుకు ఏ ఇంటర్‌ఫేస్ ఉందో డీఎల్ఎల్‌లోని వివరాల పట్టికలో, అంటే మెటాడేటాలోనే రాసి ఉంటుంది. కోడ్ నడపక్కర్లేదు. కోడ్ నడపకుండా చదివే పాత పద్ధతి రిఫ్లెక్షన్‌ఓన్లీలోడ్‌ఫ్రమ్ ఫ్రేమ్‌వర్క్ తర్వాత వచ్చిన డాట్‌నెట్ కోర్‌లో పనిచేయదు కాబట్టి, నూగెట్‌లో (డాట్‌నెట్ లైబ్రరీలు దొరికే చోటు) ఉన్న మెటాడేటాలోడ్‌కాంటెక్స్ట్‌కు మారడం మేలు. ఫైళ్లు ఎక్కడున్నాయో దానికి చెప్పే పాత్‌అసెంబ్లీరిజాల్వర్‌కు ప్లగిన్‌లతో పాటు ఇంటర్‌ఫేస్ ఉన్న డీఎల్ఎల్‌, రన్‌టైమ్ ఫోల్డర్‌లోని డీఎల్ఎల్‌ల దారులు కూడా ఇవ్వాలి. లేకపోతే కోర్ అసెంబ్లీ దొరకలేదని మొదట్లోనే ఆగిపోతుంది.

మారాక ఒక్క క్లాసూ దొరకలేదా?

మాకు రెండు రోజులు పట్టింది ఇక్కడే. ఎర్రర్ ఏమీ రాదు, క్లాసుకు ఆ ఇంటర్‌ఫేస్ ఉందా అని చూసే ఈజ్‌అసైనబుల్‌ఫ్రమ్ ప్రతిసారీ ఫాల్స్ అంటుంది. టైప్‌ఆఫ్‌తో తీసుకున్న ఐకాటా నడుస్తున్న ప్రోగ్రాంది, ప్లగిన్‌లో కనిపించే ఐకాటా మెటాడేటాలోడ్‌కాంటెక్స్ట్‌ది. పేరొకటే అయినా డాట్‌నెట్ లెక్కలో అవి రెండు వేరు టైపులు. ఇంటర్‌ఫేస్ డీఎల్ఎల్‌ను కూడా అదే కాంటెక్స్ట్‌లో తెరిచి, అక్కడి ఐకాటాతోనే పోల్చండి. గెట్‌ఇంటర్‌ఫేసెస్ ఇచ్చే పూర్తి పేర్లు సరిచూసినా పని జరుగుతుంది గానీ, అదే పేరుతో ఇంకో అసెంబ్లీలో ఇంటర్‌ఫేస్ ఉంటే పొరపాటు పడతారు.

ఆట్రిబ్యూట్లు (క్లాసు మీద రాసే అదనపు గుర్తులు) చదవాలంటే గెట్‌కస్టమ్‌ఆట్రిబ్యూట్స్‌డేటా వాడాలి, మామూలు గెట్‌కస్టమ్‌ఆట్రిబ్యూట్స్ ఎక్సెప్షన్ ఇస్తుంది. దీని బదులు డీఎల్ఎల్‌లు చదివే మరో లైబ్రరీ మోనో సెసిల్ వాడేవారు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఇంటర్‌ఫేసెస్ జాబితాలో ఆ క్లాసు మీద రాసినవే ఉంటాయి, బేస్ క్లాసు నుంచి వచ్చినవి ఉండవు. బేస్ క్లాసుల్లోకి పైకి ఎక్కుతూ వెతకాలి.

ఇంకా లాక్ ఉంటే

కాంటెక్స్ట్‌ను డిస్పోజ్ చేసేదాకా ఫైలు దాని చేతిలోనే ఉంటుంది, పని అయ్యాక దానంతట అదే డిస్పోజ్ చేసే యూజింగ్ బ్లాక్‌లో పెట్టండి. క్లాసుల పేర్లు మాత్రం స్ట్రింగులుగా బయటికి తెచ్చుకోండి. దొరికిన ఆ ఒక్క డీఎల్ఎల్‌ను తాత్కాలిక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, కాపీనే లోడ్ చేయండి. అసలు ఫైలును లారీలు నడుస్తుండగానే మార్చుకోవచ్చు, కొత్తది ప్రోగ్రాం మళ్లీ తెరిచినప్పుడు అమల్లోకి వస్తుంది.