ఇంట్లో చేసుకున్న పండ్ల ప్రెస్: ఎక్కడ ఆగిపోతుంది, ఎలా సరిచేయాలి

వైన్ కోసం సొంతంగా ప్రెస్ చేసుకున్నవాళ్లు రసం తగ్గగానే పెద్ద జాకీ కోసం వెతుకుతారు. ముందు ఆ ఆలోచన పక్కన పెట్టండి. గుజ్జులోంచి రసం బయటికి రావడానికి దారి లేనప్పుడు బలం పెంచితే ఫ్రేమ్ విరుగుతుందే తప్ప రసం పెరగదు. ఇక్కడ చెప్పేదంతా దూలాల ఫ్రేమ్, చెక్క పట్టీల బుట్ట, హైడ్రాలిక్ జాకీ ఉన్న మామూలు ప్రెస్ గురించి.

జాకీ బిగుసుకుంది, రసం మాత్రం రావడం లేదు

జాకీ వదులు చేసి, పిప్పిని మధ్యకు విరిచి చూడండి. కారణం అక్కడే దొరుకుతుంది.

అంచులు పొడిగా, లోపల తడిగా ఉంటే గుజ్జు మరీ మందంగా వేశారు, లేదా మరీ తొందరగా నొక్కారు. బయటి పొర గట్టిపడి లోపలి రసానికి అడ్డుగోడ అవుతుంది. గుజ్జును 5 నుంచి 8 సెంటీమీటర్ల పొరలుగా గుడ్డలో మడిచి, రెండు పొరల మధ్య సన్నని చెక్క జల్లి పెట్టండి. జాకీని కొంచెం కొట్టి ఆగాలి. ధార చుక్కల్లోకి దిగాక మళ్లీ కొట్టాలి. ఓపికకు ఇంత ఫలితం ఇచ్చే పని ఈ మొత్తంలో ఇంకోటి లేదు. చివర్లో పిప్పిని చేత్తో విడదీసి రెండోసారి నొక్కితే ఇంకొంత వస్తుంది.

ముక్కలు ముక్కలుగానే కనిపిస్తే పండు సరిగా నలగలేదని అర్థం. ఆపిల్‌ను మరలో సన్నగా తురమాలి. ద్రాక్షకు తొక్క పగిలితే చాలు. గింజలు నలగకూడదు, తొడిమలు తీసేయాలి, లేకపోతే చేదు దిగుతుంది.

జిగురుగా, జారుడుగా ఉంటే అది పెక్టిన్, అంటే పండులో ఉండే జిగురు పదార్థం. ప్లమ్స్, బాగా మగ్గిన ఆపిల్స్ ఇలా సతాయిస్తాయి. నొక్కడానికి కొన్ని గంటల ముందే, ఆ జిగురును విడగొట్టే పెక్టినేజ్ ఎంజైమ్ కలపండి. గుజ్జు చల్లగా ఉంటే అది నెమ్మదిగా పనిచేస్తుంది, ఇంకాస్త టైమ్ ఇవ్వండి. శుభ్రంగా కడిగిన వరి ఊక కలిపినా రసానికి దారులు ఏర్పడతాయి.

ఇవన్నీ చేశాక కూడా ఒత్తిడి చాలలేదనిపిస్తే, జాకీ కాదు, బుట్ట మార్చండి. 2 టన్నుల జాకీ 30 సెంటీమీటర్ల వ్యాసం బుట్టలో చదరపు సెంటీమీటరుకు సుమారు 2.8 కిలోల ఒత్తిడి ఇస్తుంది. అదే జాకీ 20 సెంటీమీటర్ల బుట్టలో 6 కిలోలు దాటిస్తుంది.

పై దూలం వంగుతోంది, చప్పుడు చేస్తోంది

వెంటనే జాకీ వాల్వ్ వదలండి. నొక్కేటప్పుడు ఫ్రేమ్‌కు ఎదురుగా నిలబడకండి. బిగువులో ఉన్న కర్ర విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. చాలాసార్లు దూలాన్ని పడకగా పెట్టడమే కారణం. 5×10 సెంటీమీటర్ల కర్రను నిలువుగా, అంటే 10 సెంటీమీటర్ల వైపు ఎత్తుగా ఉండేలా పెడితే పడకగా పెట్టినదానికంటే 4 రెట్లు తక్కువ వంగుతుంది. కాళ్ల మధ్య దూరం తగ్గించినా గట్టిపడుతుంది. అతుకులకు మేకులు వద్దు, ఇటు నుంచి అటు వెళ్లే బోల్టులు వేయండి.

జాకీ తలకిందులుగా పనిచేయడం లేదు

మామూలు బాటిల్ జాకీని తిరగేస్తే నూనె బదులు గాలి లాగుతుంది. దాని అడుగు నొక్కుడు పలక మీద, తల పై దూలానికి ఆనేలా పెట్టండి. నూనె చుక్క రసంలో పడకుండా కింద ఒక పళ్లెం ఉండాలి.

పలక ఒరిగిపోతోంది

గుజ్జు ఒకవైపు ఎక్కువైంది, లేదా జాకీ మధ్యలో లేదు. అలాగే నొక్కితే పట్టీలు విరుగుతాయి. వదులు చేసి, గుజ్జు సమం చేసి మళ్లీ మొదలుపెట్టండి. పలక వ్యాసం బుట్ట కంటే ఒక సెంటీమీటరు తక్కువుంటే చాలు.

పట్టీల సందుల్లోంచి గుజ్జు చిమ్ముతోంది

సందులు 6 మిల్లీమీటర్లలోపు ఉంచి, లోపల నైలాన్ మెష్ సంచి వేయండి. ఆ తర్వాతా చిమ్మితే తొందరే కారణం.

రసం నల్లబడుతోంది, లోహం రుచి వస్తోంది

రసానికి ఎక్కడో ఇనుము తగులుతోంది. ఇనుము పండులో వగరునిచ్చే టానిన్‌తో కలిసి నలుపు రంగు ఇస్తుంది. జింక్ పూత ఉన్న రేకు, బోల్టులు కూడా వద్దు, పుల్లటి రసంలో జింక్ కరుగుతుంది. రసం తగిలేచోట స్టెయిన్‌లెస్ స్టీల్, ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్, లేదా మందులు పట్టించని గట్టి కర్ర మాత్రమే వాడండి. ప్లైవుడ్ వద్దు, జిగురు కారే కర్ర వద్దు.

బుట్టకు బూజు పట్టింది, పట్టీలు వదులయ్యాయి

పని అయిన వెంటనే నీళ్లతో రుద్ది కడిగి నీడలో ఆరబెట్టాలి. బూజు కనబడితే బ్లీచింగ్ మాత్రం వాడకండి. క్లోరిన్, కర్ర, బూజు కలిసినచోట టీసీఏ అనే పదార్థం తయారవుతుంది, అది కొంచెం చేరినా వైన్ తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. సోడియం పెర్కార్బొనేట్ కలిపిన నీళ్లతో రుద్ది, బాగా కడిగేయండి. ఎండి వదులైన పట్టీలను బిగించే ముందు బుట్టను కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టండి. కర్ర ఉబ్బాక కూడా పట్టీల చుట్టూ ఉండే రింగు కదులుతుంటే, ప్రతి పట్టీకీ ఒక స్టెయిన్‌లెస్ స్క్రూ వేసి రింగుకు పట్టించండి.