ముందు తలుపు, తర్వాత నౌక

సొంత ఊహతో అంతరిక్ష నౌక మోడల్ కట్టేటప్పుడు నేను మొదట చేసేది ముక్కూ కాదు, రెక్కలూ కాదు, ఇంజన్లూ కాదు. తలుపు. ప్లాస్టిక్ షీటులోంచి చిన్న ముక్క కోసి టేబుల్ మీద పెట్టుకుంటాను. మనిషి వంగకుండా దూరాలంటే తలుపు రెండు మీటర్లుండాలి. 1/72 స్కేల్‌లో, అంటే అసలు సైజుని 72తో భాగిస్తే, అది 28 మి.మీ., 1/144లో 14 మి.మీ., 1/350లో ఆరుకి కాస్త తక్కువ, 1/1000లో రెండే. ఆ ముక్క పక్కన ఉంటేనే 30 సెంటీమీటర్ల మోడల్ ఒక్క పైలట్ నడిపే ఫైటరో, వందమంది బతికే సరుకుల నౌకో తేలుతుంది.

కిట్ కొని కట్టేవాళ్లకి ఈ గొడవ లేదు, స్కేల్ పెట్టె మీదే ఉంటుంది. మన డిజైన్ మనమే చేసుకుంటే మాత్రం సైజు కూడా మనమే నమ్మించాలి. చూసేవాళ్లకి సైజు చెప్పేది మోడల్ పొడవు కాదు. తలుపు, కిటికీ, నిచ్చెన, గీత సన్నదనం, రంగు పెచ్చు ఎంత చిన్నగా ఊడింది, ఇవి. కింద చెప్పే ప్రతి పనిలోనూ నేను చూసుకునేది ఇదొక్కటే.

ఇప్పుడు నా టేబుల్ మీదున్నదాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. 1/350 స్కేల్‌లో పాత సరుకుల నౌక. మోడల్ 30 సెం.మీ., అంటే అసలుది 105 మీటర్లు. చాలా చేతులు మారింది, చాలాసార్లు రిపేరైంది, ఎప్పుడూ ఏ గ్రహం మీదా దిగలేదు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, రంగుల దగ్గర పనికొస్తుంది.

బొమ్మ గీసుకోగానే మా అమ్మాయికి చూపిస్తాను. ఆమె అడిగేవి ఎప్పుడూ ఒకేలాంటి ప్రశ్నలు: "వీళ్లు ఎక్కేదెక్కడ నాన్నా? సామాను ఎటునుంచి దించుతారు? వెనక్కి వెళ్లాలంటే ఎలా?" మూడింటికీ జవాబు బొమ్మలో కనపడేదాకా నేను బ్లేడు ముట్టుకోను. నాలుగోది నేనే కలుపుకున్నాను: వేడి ఎటు పోతుంది? శూన్యంలో గాలి లేదు కాబట్టి వేడిని వికిరణంగా వదిలించుకోవడం ఒక్కటే దారి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఉన్న పెద్ద తెల్లటి రేడియేటర్ పలకలు అందుకే. నా నౌక వెనక భాగంలో అలాంటివి రెండు పెట్టాను. వాటి అంచు మాత్రమే ఇంజన్ల వైపు ఉంటుంది, ముఖం ఖాళీ ఆకాశానికి. పలకలు కోయడానికి పావుగంట చాలు, కానీ ఎవరో ఆలోచించి కట్టిన నౌక అనిపించేది వాటివల్లే.

శరీరానికి 1.5 మి.మీ. మందం స్టైరీన్ అనే ప్లాస్టిక్ షీటుతో పొడవాటి పెట్టె కట్టి, లోపల అడ్డగోడలు వేస్తాను. షీటుని తెగేదాకా కోయకండి. స్టీల్ స్కేల్ ఆనించి రెండు మూడుసార్లు గీసి వంచితే గీత వెంటే టక్కున విరుగుతుంది, అంచు నిటారుగా వస్తుంది. లేచిన అంచుని ఉప్పుకాగితంతో ఒక్కసారి రుద్దితే సరి. స్టాండుకి కావలసిన ఇత్తడి గొట్టాన్ని ఇప్పుడే అడ్డగోడల్లో బిగించాలి. పూర్తయిన మోడల్‌కి తర్వాత రంధ్రం వేయాలంటే అతుకులు విడిపోతాయి, టెన్షన్ వేరే.

స్టైరీన్‌కి పల్చటి ప్లాస్టిక్ సిమెంట్ వాడాలి. రెండు ముక్కలూ ఆనించి పట్టుకుని అతుకు మీద బ్రష్‌తో తాకిస్తే ద్రవం తనంతట తనే సందులోకి పాకి రెంటినీ కరిగించి ఒకటి చేస్తుంది. గది కిటికీ తీసి ఉంచండి. ఇంకో సంగతి, మూసేసిన పెట్టెలో ఆ ఆవిరి చిక్కుకుంటే గోడలు మెత్తబడి కొన్ని వారాల తర్వాత వంకర తిరగొచ్చు. కనపడని చోట ఒకటి రెండు రంధ్రాలు వదలండి. రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచిన ప్లాస్టిక్), లోహం ముక్కలకి సూపర్ గ్లూ వాడాలి. రెజిన్ తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇంట్లో పారేసే సీసాలు, మూతలు నౌకలకి బాగా పనికొస్తాయని అందరూ చెబుతారు. నిజమే, కానీ అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూసుకోండి. 6 ఉంటే పాలీస్టైరీన్, మన సిమెంట్ హాయిగా అంటుకుంటుంది. 2, 5 ఉంటే పాలిథిలీన్, పాలీప్రొపిలీన్. వాటికి జిగురూ నిలవదు, రంగూ నిలవదు. ఆకారం ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టేయండి.

ఇక అసలు సరదా, చిన్న చిన్న యంత్ర భాగాలు అతికించడం. వీటిని గ్రీబుల్స్ అంటారు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ కోసం మోడల్ తయారీదారులు ట్యాంకులు, విమానాలు, ఓడల కిట్లు కొని వాటి ముక్కలే నౌకల మీద పరిచారు. ఇప్పటికీ పద్ధతి అదే. ఇందులో చెడేది ఎక్కువగా అత్యాశ వల్ల. ఖాళీ కనపడితే చాలు ఏదో ఒకటి అతికించాలనిపిస్తుంది. ఒళ్లంతా గ్రీబుల్స్ ఉన్న నౌక దూరం నుంచి చూస్తే గరుకు గోడలా ఉంటుంది. కంటికి ఆగే చోటు కావాలి. నేను పైతలంలో మూడొంతులు నున్నగా వదిలేస్తాను. ముక్కలన్నీ ఇంజన్ల చుట్టూ, సరుకు తలుపుల దగ్గర, రెండు భాగాలు కలిసే గాడుల్లో, అంటే రిపేర్ చేసేవాడు మూత తీయాల్సిన చోట్ల. పైపు వేస్తే అది ఎక్కడో మొదలై ఎక్కడో ముగియాలి. మధ్యలో గాల్లోకి పోయే పైపు కంటే పైపు లేకపోవడం నయం.

ముక్క ఎక్కడిదో గుర్తుపట్టనివ్వకూడదు. ట్యాంకు చక్రాన్ని తిప్పి వెనక వైపు చూపించండి, సగం కోయండి, పైన సన్నటి స్టైరీన్ పట్టీ అతికించండి. మరీ ముఖ్యంగా, పెద్ద స్కేల్ కిట్లలోని నిచ్చెనలూ హ్యాండిళ్లూ 1/350 నౌక మీద పెట్టొద్దు. 1/35 ట్యాంకు హ్యాండిల్ ఇక్కడికి వస్తే పదింతలవుతుంది, దాన్ని పట్టుకోవాలంటే రాక్షసుడు కావాలి. 1/350 యుద్ధనౌకల కోసం అమ్మే ఇత్తడి రెయిలింగులు, నిచ్చెనలు సరిగ్గా సరిపోతాయి. అతికించే ముందు అన్నింటినీ డబుల్ సైడ్ టేపు మీద పేర్చి ఒకరోజు అలాగే వదిలేయండి. మర్నాడు చూస్తే ఎక్కువైనవి వాటంతటవే కనపడతాయి.

ప్యానెల్ గీతల సంగతి, అంటే పైరేకులు కలిసే చోట కనపడే సందుల సంగతి, లెక్కేసి చూడండి. 0.3 మి.మీ. గీత 1/350లో పది సెంటీమీటర్ల సందు! ఏ నౌకా అంతేసి సందులతో గాలి బిగబట్టుకుని ఉండదు. 1/72 ఫైటర్‌కి గీతలు చెక్కండి, అక్కడ అదే గీత రెండు సెంటీమీటర్లే. పెద్ద నౌకకి నేను గీతలు చెక్కను. 0.25 మి.మీ. షీటు ముక్కలు అక్కడక్కడా అతికిస్తాను, మిగతా ప్యానెల్స్ అన్నీ రంగుతోనే.

కిటికీలకి ఫైబర్ ఆప్టిక్ తీగ, లోపలి దీపం వెలుగుని కొస దాకా మోసేది. ఈ స్కేల్‌లో 0.75 మి.మీ. అంటే పాతిక సెంటీమీటర్ల చిల్లర, గుండ్రటి కిటికీకి సరైన సైజు. లోపలి గోడలకి ముందు నలుపు, దాని మీద తెలుపు వేయండి. నలుపు వెలుగుని ప్లాస్టిక్ దాటనివ్వదు, తెలుపు లోపలే తిప్పుతుంది. తీగల్ని తెల్ల జిగురుతో అతికించాలి. సూపర్ గ్లూ తగిలితే పెళుసుబారి విరుగుతాయి. కొసలు బయటికి కొంచెం పొడుచుకునే ఉండనివ్వండి. మామూలు తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టులు, 20 మిల్లీ ఆంపియర్లు. 9 వోల్టుల బ్యాటరీ వాడితే మిగిలిన 6 వోల్టులకి 300 ఓమ్‌ల రెసిస్టర్ కావాలి. మార్కెట్లో దొరికే 330 పెట్టండి. కిటికీలు సమానమైన వరసలో కాకుండా గుంపులుగా వేయండి. నౌకలో సగం మంది నిద్రపోతుంటారు.

రంగుకి ముందు మోడల్‌ని సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టండి, వేళ్ల జిడ్డు పోవాలి. తర్వాత బూడిద రంగు ప్రైమర్. దాని అసలు ఉపయోగం తప్పులు పట్టించడం. లప్పం సరిగా పడని సందులూ, ఉప్పుకాగితం గీట్లూ అప్పుడే బయటపడతాయి. సరిచేసి మళ్లీ ప్రైమర్ కొట్టండి. విసుగైన పనే, కానీ పై రంగులు ఏ గీటునీ దాచవు.

ఎయిర్‌బ్రష్‌కి (గాలితో రంగు చిమ్మే పరికరం) 0.3 మి.మీ. నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ గాలి ఒత్తిడి చాలు. ఆక్రిలిక్ రంగుని పాలంత పల్చగా కలపండి. గాడుల్లో ముందు నలుపు, పైన లేత బూడిద. అచ్చ తెలుపు వద్దు, మోడల్ ఆటబొమ్మలా కనపడుతుంది. ఇక్కడినుంచి నాకు అన్నింటికంటే ఇష్టమైన పని. అదే బూడిద రంగుని మూడు చిన్న కప్పుల్లో పోసి, ఒకదాంట్లో తెలుపు చుక్క, ఒకదాంట్లో నీలం చుక్క, ఒకదాంట్లో గోధుమ రంగు చుక్క కలుపుతాను. మాస్కింగ్ టేపుని ముందు కటింగ్ మ్యాట్‌కి అంటించి పీకితే జిగురు తగ్గుతుంది, కింది రంగు లేవదు. చిన్నా పెద్దా దీర్ఘచతురస్రాలు విడిచి ఒక్కో రంగూ పల్చగా కొట్టడమే. అమెరికా స్పేస్ షటిల్ పొట్ట ఫోటోలు చూడండి. చాలాసార్లు ఎగిరిన పలకలు వెలిసి బూడిదగా, కొత్తగా మార్చినవి నల్లగా ఉంటాయి. రిపేర్ల చరిత్రంతా ఆ గళ్లలో ఉంది. మన నౌకలో ఆ తేడా చెయ్యి చాచినంత దూరం నుంచి లీలగా తెలిస్తే చాలు. స్పష్టంగా కనపడిందంటే చదరంగం బల్ల అయిపోయినట్టే, మూల రంగుని బాగా పల్చగా చేసి మొత్తం మీద ఒక పొర కొట్టండి.

డీకాల్స్‌కి (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు) ముందు మెరిసే గ్లాసీ వార్నిష్ తప్పనిసరి. గరుకు తలం మీద వేస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. డీకాల్ సాఫ్ట్‌నర్ రాసి ఆరాక మళ్లీ గ్లాసీ వార్నిష్, అప్పుడు ఎనామెల్ వాష్, అంటే గాడుల్లోకి పాకే బాగా పల్చటి రంగు. ఆక్రిలిక్ మీద ఎనామెల్ థిన్నర్‌తో ఇబ్బంది లేదు. ల్యాకర్ థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి.

పాతదనం వేసేటప్పుడు చాలామంది చెయ్యి ఆగదు. నా నౌక ఎక్కడా దిగలేదని చెప్పాను కదా. వానా లేదు, తుప్పూ లేదు, పైనుంచి కిందికి కారే చారలూ లేవు. అసలు అక్కడ కింద అనేదే లేదు. మసి థ్రస్టర్ల (నౌకని తిప్పే చిన్న ఇంజన్లు) చుట్టూ ఉంటుంది, పాస్టెల్ పొడి మెత్తటి బ్రష్‌తో అద్దండి. గీరుళ్లు సరుకు తలుపుల అంచుల్లో, వేరే నౌక వచ్చి అతుక్కునే చోట. స్పాంజితో పెచ్చులు వేయడం ఫైటర్లకి బాగుంటుంది. ఇక్కడ ఒక మిల్లీమీటరు పెచ్చు అంటే 35 సెంటీమీటర్లు. బాగా చెక్కిన పెన్సిల్ మొనతో అంచుల్ని తాకించండి, లోహం మెరుపు దానంతటదే వస్తుంది. డ్రైబ్రష్, అంటే దాదాపు ఆరిన బ్రష్‌తో ఎత్తైన అంచులకి రంగు రుద్దడం, గ్రీబుల్స్ వరకే.

చివర మెరుపు లేని మ్యాట్ వార్నిష్. గాలిలో తేమ ఎక్కువున్న రోజు కొట్టొద్దు, తెల్లగా పొగచూరినట్టవుతుంది. అది పూర్తిగా ఆరాకే ఫైబర్ కొసల్ని పదునైన బ్లేడుతో తలానికి సమంగా కోయాలి. ముందే కోస్తే రంగూ వార్నిషూ వాటి మీదే పడి వెలుగు మసకబారుతుంది. తర్వాత బ్యాటరీ తగిలించి గది లైటు ఆర్పి అతుకులన్నీ వెతకండి. ఎక్కడైనా సన్నటి వెలుగు కారుతుంటే చిన్న బ్రష్‌తో నల్ల చుక్క, ఆరాక దాని మీద ఆ ప్యానెల్ రంగు. అందుకే ఆ మూడు కప్పుల రంగులూ పారబోయకుండా మూతపెట్టి దాచమంటాను.