కారు బుక్ చేసే ముందు కేబుల్ దారి కొలవండి

ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు రేంజ్ (ఒక్క చార్జ్‌కి ఎంత దూరం పోతుందన్నది) గురించి నెలల తరబడి వాదించుకుంటారు. పార్కింగ్‌లో ప్లగ్ ఎక్కడ పెట్టాలన్నది మాత్రం డెలివరీ రోజున గుర్తొస్తుంది. బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఈ వరస తిరగేయాలి: ముందు చార్జింగ్ లైన్, తర్వాతే బుకింగ్.

టేపు పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగండి. మీటర్ రూములో మీ ఫ్లాట్ మీటర్ దగ్గర్నుంచి మీ పార్కింగ్ దాకా కేబుల్ పోయే దారి కొలవండి. పైకెక్కి కిందికి దిగే మలుపులూ లెక్కలోకి రావాలి. ఖర్చంతా ఈ అంకె మీదే నడుస్తుంది.

తర్వాత చార్జర్ సైజు. 15 ఆంపియర్ల ప్లగ్‌తో వచ్చే పోర్టబుల్ చార్జర్ 3.3 కిలోవాట్లు ఇస్తుంది. గోడకు బిగించేది సాధారణంగా 7.2 కిలోవాట్లు, 32 ఆంపియర్లు. రాత్రి పది గంటలు 3.3 మీద పెడితే 33 యూనిట్లు లాగుతుంది, అందులో పదో వంతు వేడిగా పోయినా 29 దాకా బ్యాటరీకి చేరతాయి. మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రోజూ వెళ్లొచ్చేవాళ్లకు 7 యూనిట్లు చాలు. కాబట్టి ఎక్కువమందికి 3.3 సరిపోతుంది, షోరూమ్‌లో ఎవరూ ఈ మాట చెప్పరు. ఇంకోటి: కారు లోపలి చార్జర్ 3.3 అయితే బయట 7.2 పెట్టినా వేగం పెరగదు. టియాగో ఈవీ రెండు రకాల్లోనూ వచ్చింది, వేరియంట్ చూసి తీసుకోవాలి. మహీంద్రా బీఈ 6 ధరలో అయితే చార్జర్ కలపలేదు, అది విడి ఖర్చు. అంత ధర పెట్టి కొనేవాడికి చార్జర్ విడిగా అమ్మడం మాకు నచ్చలేదు.

కేబుల్ రాగిదే కావాలి. 3.3కి 4 చదరపు మిల్లీమీటర్లు, 7.2కి 6. దూరం 30 మీటర్లు దాటితే 7.2కి 10 వేయండి. 50 మీటర్ల దూరంలో 32 ఆంపియర్లు లాగితే 6 ఎంఎం కేబుల్‌లో దాదాపు 10 వోల్టులు పడిపోతాయి, 10 ఎంఎంలో 6 వోల్టులు. సాయంత్రం ఏరియాలోనే వోల్టేజ్ తక్కువుంటే ఆ తేడాకే చార్జర్ ఆగిపోతుంది. సామాను ఎలక్ట్రీషియన్‌కి వదిలేయకుండా బీవీకే అయ్యంగార్ రోడ్డులో మీరే బిల్లుతో కొనండి.

మీటర్ దగ్గర 3.3కి 20, 7.2కి 40 ఆంపియర్ల సీ కర్వ్ రకం ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే లైన్ ఆపేసే బ్రేకర్), దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ ఆపేసేది) పెట్టించాలి. ఆర్‌సీసీబీ టైప్ ఏ అడగండి. ఇళ్లలో మామూలుగా పెట్టే టైప్ ఏసీ, లీకేజీలో డీసీ కలిస్తే పనిచేయకపోవచ్చు. సాకెట్ పాత బోర్డులోది వాడొద్దు, పారిశ్రామిక సాకెట్ పెట్టించండి. గీజర్ అరగంటకు ఆగిపోతుంది, కారు రాత్రంతా నిండు కరెంటు లాగుతుంది. స్క్రూ కాస్త వదులైనా పిన్ను నల్లబడి ప్లాస్టిక్ కరుగుతుంది.

ఎర్తింగే ఎక్కువ తిప్పలు పెట్టేది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్‌తో చూస్తే 2-3 వోల్టులు దాటకూడదు. దాటితే చాలా చార్జర్లు ఎర్త్ ఫాల్ట్ చూపించి ఆగిపోతాయి. మెయిన్ కరెంటు మీద బాగా పనిచేసి జనరేటర్ మీద మాత్రం ఎర్రలైటు వెలిగితే, జనరేటర్ న్యూట్రల్ ఎర్త్ చేయలేదేమో చూడండి. అసలు ఈ లైన్‌ని జనరేటర్ బ్యాకప్‌కి కలపకపోవడమే మేలు. డీజిల్ యూనిట్ ధరకు కారు నడపడంలో లాభం లేదు.

మీటర్ సంగతి. సొంత ఫ్లాట్ మీటర్ నుంచి లాగడం తేలిక, కానీ శాంక్షన్డ్ లోడ్ (మీ మీటర్‌కి మంజూరైన కిలోవాట్లు) సరిపోకపోతే బెంగళూరు కరెంటు సంస్థ బెస్కామ్‌లో పెంచుకోవాలి. కర్ణాటక ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చేవాళ్లు ముందుగా లెక్క వేసుకోండి: ఇంటి వాడకం 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే. రోజూ 7 యూనిట్లంటే నెలకు 210, కారు ఒక్కటే గీత దాటించేస్తుంది. అలాంటివాళ్లు ఈవీకి వేరే కనెక్షన్ తీసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు అందుకు వీలిస్తున్నాయి. దానికీ స్థిర చార్జీ ఉంటుందని మరవకండి.

కేబుల్ ఉమ్మడి స్థలంలోంచి పోతుంది కాబట్టి అసోసియేషన్ అనుమతి కావాలి. వాట్సాప్‌లో అడిగితే అగ్నిప్రమాదాల వీడియోలు వచ్చిపడతాయి, పని మాత్రం జరగదు. లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ గీసిన వైరింగ్ బొమ్మ, కేబుల్ సైజు, బ్రేకర్ల వివరాలు జతచేసి కమిటీకి ఉత్తరం ఇవ్వండి. అద్దెకున్నవాళ్లు ఓనరు సంతకం కూడా తీసుకోవాలి.

చార్జర్ నేలకు నాలుగడుగుల పైన బిగించండి. 2022 సెప్టెంబర్ వానలకు బెంగళూరులో ఎన్ని బేస్‌మెంట్లు మునిగాయో గుర్తుంది కదా. మొదటి రాత్రి గంట చార్జ్ అయ్యాక ఆపేసి, ప్లగ్ బయటి భాగాన్ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మళ్లీ ఆన్ చేయకుండా టెర్మినళ్లు (వైర్లు కలిపే స్క్రూలు) బిగించమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. నెల తర్వాత మరోసారి బిగించడానికి కూడా అతనితో ముందే మాట్లాడుకోండి.