పాత సీడీ గేములు ఇప్పటి కంప్యూటర్‌లో ఆడాలంటే
విశాఖ సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, బీరువాలో సీడీలకు బూజు పట్టకముందే కాపీ తీయండి. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా వద్దు. సంగీతం ఆడియో ట్రాకులుగా ఉంటే డేటాను మాత్రమే దాచే ఐఎస్ఓ ఫైలు చాలదు, పాటలు పోతాయి. బిన్ (సీడీలోని సమాచారమంతా), క్యూ (ట్రాకుల జాబితా) ఫైళ్లుగా తీయండి.

విండోస్‌కు ముందటి డాస్ వ్యవస్థ గేములకు, దాన్ని అనుకరించే డాస్‌బాక్స్ ప్రోగ్రాం చాలు. అందులో గేమ్ ఫోల్డర్‌ను మౌంట్ ఆదేశంతో సి డ్రైవ్‌గా, క్యూ ఫైలును ఐఎంజీమౌంట్ ఆదేశంతో డి డ్రైవ్‌గా తగిలించండి. గేమ్ మరీ వేగంగా పరుగెడితే కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కండి, సైకిల్స్, అంటే డాస్‌బాక్స్ నడిపే వేగం, తగ్గుతాయి.

విండోస్ 95 కాలపు గేముల్లోనే అసలు చిక్కు. గేమ్ 32 బిట్ అయినా చాలాసార్లు ఇన్‌స్టాలర్ (గేమ్‌ను ఎక్కించే ప్రోగ్రాం) అంతకన్నా పాత 16 బిట్ రకం. 64 బిట్ విండోస్ దాన్ని తెరవనే తెరవదు. వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే మరో ఊహా కంప్యూటర్) 32 బిట్ విండోస్ ఎక్స్‌పీ పెట్టి, అక్కడ ఇన్‌స్టాల్ చేసి, ఫోల్డర్‌ను బయటికి తెచ్చుకోండి. సేఫ్‌డిస్క్ అనే కాపీ నిరోధక రక్షణ ఉన్నవి విండోస్ 10లో నడవవు, వాటిని ఎక్స్‌పీ లాంటి పాత విండోస్‌లో ఆడాలి.