సజ్జ మీది పాత గిటారును రికార్డింగుకు సిద్ధం చేయడం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మూడు మిల్లీమీటర్ల మందం కూడా ఉండని గిటారు ముందు పలక, అదీ స్ప్రూస్ అనే తేలిక చెక్కది, దాని సంగతి ఇక చెప్పాలా? హన్మకొండలోనో జగిత్యాలలోనో స్లాబు కింద సజ్జ మీద ఏళ్లుగా పడి ఉన్న గిటారును దించి కంట్రీ పాటలు (అమెరికా పల్లె బాణీ పాటలు) రికార్డు చేద్దామనుకుంటే, ముందు తీగల జోలికి పోవద్దు. తేమ చూడండి.

గిటారు పెట్టెలో గాలిలో తేమను కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటరు వేయండి. 45–55 శాతం మంచిది. బాగా తగ్గితే చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) కొసలు వేళ్లకు గీరుకుంటాయి, సౌండ్ హోల్ (పలక మధ్య గుండ్రటి రంధ్రం) దగ్గర పలక లోపలికి దిగుతుంది. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో, తడిపి గట్టిగా పిండిన స్పాంజి ఉంచి, గిటారు తలకట్టు (తీగలు బిగించే మరలుండే కొస) పక్కన పెట్టి గిటారు పెట్టె మూత వేయండి. కొన్ని రోజులు ఆగాలి. తొందరపడి కూలర్ ముందు నిలబెడితే ఒక్క పక్కకే తడిగాలి కొడుతుంది, ఆపగానే మళ్లీ ఎండుతుంది. పగుళ్లు వచ్చేది ఈ ఎగుడుదిగుడుకే. వానాకాలంలో అంతా తిరగబడి పలక ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి. అప్పుడు సిలికా జెల్ పొట్లాలు వేయాలి.

తర్వాత బ్రిడ్జి (పలక మీద అతికించి, తీగల కింది కొసలు పట్టుకునే చెక్క) వెనక అంచు కింద కాగితం దూర్చి చూడండి. దూరితే జిగురు వదిలినట్టే. లైట్ తీగలు ఆరూ కలిసి 70 కిలోలకు పైగా బరువుతో లాగుతాయి కాబట్టి బిగించకుండా రిపేరుకు ఇవ్వండి. ఫెవిక్విక్ పోశారంటే రేపు దాన్ని గీకడానికే ఎక్కువ ఖర్చు. బ్రిడ్జి గట్టిగా ఉన్నా, పాతదానికి 12–53 కన్నా కాస్త సన్నని 11–52 సెట్టు మేలు (అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల్లో, సన్న తీగ–లావు తీగ మందం). నైలాన్ గిటారుకు స్టీలు తీగలు అసలే వద్దు. అమెరికా కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ ‘ట్రిగ్గర్’ అని పిలుచుకునే గిటారు నైలాన్ తీగల మార్టిన్ కంపెనీ ఎన్-20 మోడల్; పిక్ రాపిడికి పలకకు బొక్క పడ్డా తీగలు నైలాన్‌వే.

శ్రుతి చేసి ఒక రోజు వదిలేశాకే నెక్ (మెడ) వంపు కొలవాలి. ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, 14వ ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టండి. ఏడో ఫ్రెట్ మీద విజిటింగ్ కార్డు మందం, అంటే దాదాపు 0.25 మి.మీ. సందు చాలు. ఎక్కువుంటే ట్రస్ రాడ్ (మెడ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ) కుడికి, తక్కువుంటే ఎడమకు, ఒకసారికి పావు చుట్టుకు మించకుండా తిప్పండి. 1985కు ముందటి మార్టిన్లలో తిప్పే రాడ్డే ఉండదు, వెతకొద్దు. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు 2.4, సన్న తీగ 1.8 మి.మీ. ఉండేలా చూడండి. అక్కడ ఒక మిల్లీమీటరు దించాలంటే శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న పట్టీ) అడుగున రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి. పైభాగం ముట్టొద్దు.

మైకు సౌండ్ హోల్‌కు ఎదురుగా పెడితే బాస్ గుమ్మని మోగి, బొటనవేలితో మార్చి మార్చి వేసే లావు తీగలు కలిసిపోతాయి. 12వ ఫ్రెట్ వైపు, జానెడు దూరంలో పెట్టండి. రికార్డింగు లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వొద్దు. ఫ్యాను, కూలరు ఆపక తప్పదు కాబట్టి మే నెలలో తెల్లవారుజామే అనువు. ప్రతి టేకుకూ ముందు శ్రుతి చూసుకోండి, కొత్త తీగలు మొదటి రోజంతా జారుతూనే ఉంటాయి.