వెల్ష్ ఇంటిపేర్లు చదవడం నేర్చుకుందాం – పాఠం 3: మొదటి అక్షరంలో తండ్రి

వేల్స్‌లో పూర్వం తండ్రి పేరే మనిషికి గుర్తు అని గత పాఠంలో చెప్పుకున్నాం. 1282లో మరణించిన వేల్స్ పాలకుడు లవెలిన్ అప్ గ్రిఫిద్ పేరుకు అర్థం గ్రిఫిద్ కొడుకు లవెలిన్. తరం మారగానే వెనక పేరూ మారిపోయేది. తరతరాలు నిలిచే ఇంటిపేరుకు అలవాటుపడిన మనకు ఇది వింతగా తోస్తుంది. పేరు ముందు తండ్రి పేరు తొలి అక్షరం పెట్టుకునే తమిళుల ఇనిషియల్‌ను తలచుకుంటే చప్పున అర్థమవుతుంది.

1536 నాటి చట్టం వేల్స్‌ను ఇంగ్లండులో కలిపింది. న్యాయస్థానాల్లో ఇంగ్లిషే చెల్లింది. ఆ కాలం నుంచి ముందు జమీందారులు, చాలా నెమ్మదిగా సామాన్యులు, ఒకే ఇంటిపేరును స్థిరం చేసుకున్నారు. అప్పుడు ‘అప్’ ఏమైందో కనిపెట్టడమే నేటి పాఠం.

‘అప్ రీస్’ అని పైకి అనండి. వేగం పెంచుతూ పదిసార్లు అనండి. ముందున్న అచ్చు జారిపోయి ‘ప్రీస్’ మిగులుతుంది. ఇంగ్లిషు నోట అదే ప్రైస్ అయింది. అప్ హవెల్ ఇలాగే పవెల్ అయింది, అప్ హ్యూ ప్యూ అయింది. తండ్రి పేరు అచ్చుతో మొదలైతే ‘అప్’ బదులు ‘అబ్’ వస్తుంది. అబ్ ఓవెన్ బోవెన్‌గా, అబ్ ఎవన్ బెవన్‌గా మారాయి. 1948లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించిన మంత్రి అనైరిన్ బెవన్ ఇంటిపేరు ఇదే. ఆ ఒక్క ‘బ్’లో ఒక కొడుకు, అతని వెనక ఎవన్ అనే తండ్రి ఉన్నారు. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు.

అయితే ప, బ కనిపించగానే తొందరపడకండి. ఆ అక్షరం తీసేశాక మిగిలింది నిజంగా ఒక పేరు కావాలి. పార్కర్‌లో ‘ప’ తీస్తే మిగిలే ‘ఆర్కర్’ ఎవరి పేరూ కాదు. అది వేటవనాల కాపరి వృత్తిని బట్టి వచ్చిన ఇంగ్లిషు ఇంటిపేరు.

ఇక ‘అప్’ ఎక్కడిది? వెల్ష్‌లో కొడుకును ‘మాబ్’ అంటారు. ఆ భాషలో కొన్ని చోట్ల పదం మొదటి హల్లు మెత్తబడుతుంది. మ, బ రెండూ వ అవుతాయి. క, త, ప వరుసగా గ, ద, బ అవుతాయి. ఇది మనకు బడిలోనే పరిచయమైన మార్పు. ‘పూచెను కలువలు’ సరళాదేశ సంధిలో ‘పూచెను గలువలు’ కావడం గుర్తుందా? రెండు భాషలకూ చుట్టరికం లేదు, కానీ నాలుక చేసే పని ఒకటే. మాబ్ మెత్తబడి వాబ్, ఆ వకారమూ పోయి అబ్, అప్.

మారుపేర్లకూ ఇదే తాళంచెవి. ‘కోఖ్’ అంటే ఎరుపు. ఎర్రజుట్టు మనిషి పేరు తర్వాత అది ‘గోఖ్’ అయి, ఇంగ్లిషులో గాఫ్‌గా నిలిచింది. ‘బఖన్’ అంటే చిన్న. తండ్రీకొడుకులది ఒకే పేరైతే కొడుకును ‘వఖన్’ అనేవారు. నేటి వాన్ అనే ఇంటిపేరు అదే.

జోన్స్ దారి వేరు. అక్కడ ‘అప్’ పోయి, చివర ఇంగ్లిషు సకారం చేరింది: జాన్ గారి అబ్బాయి. ఆంగ్లెసీ ద్వీపంలో షోన్ అనే రైతుకు పుట్టిన విలియం, షోన్‌కు ఇంగ్లిషు రూపమైన జాన్‌ను బట్టి జోన్స్ అయ్యాడు. 1706లో వృత్త పరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యకు ‘పై’ గుర్తును మొదట వాడింది ఆయనే. 1784లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీని స్థాపించిన సర్ విలియం జోన్స్ ఆయన కొడుకు. పాత పద్ధతే సాగి ఉంటే ఆ సంస్కృత పండితుడు విలియం అప్ విలియం అయ్యేవాడు.

అభ్యాసం: ప్రిచర్డ్, పారీ, ప్రాబర్ట్, బేకర్. వీటిలో మూడింటి తండ్రులను బయటికి తీయండి. నాలుగోదాన్ని ఎందుకు వదిలేశారో ఒక వాక్యంలో రాయండి. జవాబులు పాఠం 4 మొదట్లో ఉంటాయి.