మూడు జాబితాల్లో ఒకే ఇల్లు: లెక్క తప్పకుండా కూడడం ఎలా?

కోనసీమలో ఒక ఊరి రైతు కుటుంబాలను లెక్కించవలసి వచ్చిందనుకుందాం. ఊళ్లో మొత్తం 120 కుటుంబాలుండగా, వరిచేలు ఉన్నవి 70, కొబ్బరితోటలు ఉన్నవి 58, చేపల చెరువులు ఉన్నవి 35 అని మూడు జాబితాలు మన చేతికి వచ్చాయి. వీటిలో కనీసం ఒక్కటైనా ఉన్న కుటుంబాలు ఎన్ని? మూడింటినీ కూడితే 163 వస్తుంది. ఊళ్లో అన్ని కుటుంబాలే లేవు. చేనూ తోటా రెండూ ఉన్న కుటుంబం రెండు జాబితాల్లోకీ ఎక్కడమే ఇందుకు కారణం.

కాబట్టి జంటలను తీసివేయాలి. వరి, కొబ్బరి రెండూ ఉన్నవి 30, కొబ్బరితో పాటు చెరువు ఉన్నవి 14, వరితో పాటు చెరువు ఉన్నవి 17 అయితే, వాటి మొత్తం 61 పోగా 102 మిగులుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మూడూ ఉన్న కుటుంబాలు 8 ఉన్నాయనుకుని, వాటిలో ఒక్క ఇంటిని పట్టుకుని చూడండి: అది మూడు జాబితాల్లోనూ ఉంది కనుక మూడుసార్లు లెక్కకు వచ్చింది, మూడు జంటల్లోనూ ఉంది కనుక మూడుసార్లు లెక్కలోంచి పోయింది, అంటే ఇప్పుడు అసలు లెక్కలోనే లేదు. అందుకే ఆ 8నీ తిరిగి కలపాలి. అప్పుడు 110 వస్తుంది. మూడింటిలో ఏదీ లేని కుటుంబాలు 10.

సమితుల భాషలో చెప్పాలంటే (ఒక్కో జాబితా ఒక సమితి, అందులోని ఒక్కో కుటుంబం ఒక మూలకం), సమ్మేళనంలోని, అంటే కనీసం ఒక్క సమితిలోనైనా ఉన్న మూలకాల సంఖ్య కోసం విడి సమితుల సంఖ్యలను కూడి, రెండేసి సమితుల ఛేదనాలను, అంటే రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్నవాటిని తీసివేసి, మూడింటి ఛేదనాన్ని కలుపుతాం.

అసలు చిక్కు సూత్రంలో కంటే జాబితా రాసిన తీరులోనే ఉంటుందని నా అభిప్రాయం. ‘వరి, కొబ్బరి ఉన్నవి 30’ అన్నప్పుడు చెరువు కూడా ఉన్నవారు అందులో కలిశారా, లేక ఆ రెండే ఉన్నవారిని మాత్రమే రాశారా అన్నది ముందుగా అడిగి తెలుసుకోవాలి. ఆ రెండే ఉన్నవారిని రాస్తే మన ఊళ్లో జంటల సంఖ్యలు 22, 6, 9 అవుతాయి. వాటిని నేరుగా సూత్రంలో వేస్తే 134 అనే అసాధ్యమైన జవాబు వస్తుంది. ఒక్కొక్కదానికీ 8 కలిపి పూర్తి ఛేదనాలుగా మార్చుకున్న తరువాతే సూత్రాన్ని వాడాలి.

సరిచూసుకోవడానికి వెన్ చిత్రం (ఒక్కో జాబితాకు ఒక్కో వలయం చొప్పున, ఒకదానిపై ఒకటి కొంత పడేలా గీసే బొమ్మ) గీసి మధ్య నుంచి బయటికి నింపుకుంటూ రావడం మంచి పద్ధతి. మధ్యలో 8, దాని చుట్టూ 22, 6, 9, వరి ఒక్కటే ఉన్నచోట 31, కొబ్బరి దగ్గర 22, చెరువు దగ్గర 12 వస్తాయి. ఈ ఏడు గడులూ కూడితే మళ్లీ 110.

పాడి పశువుల జాబితా కూడా చేరి సమితులు నాలుగైతే, మూడేసి ఛేదనాలను కలిపి, చివరన నాలుగింటి ఛేదనాన్ని తీసివేయాలి. అన్నీ ఉన్న ఇల్లు నాలుగు జాబితాల్లో, ఆరు జంటల్లో, నాలుగు మూడేసి ఛేదనాల్లో, ఒక్క నాలుగింటి ఛేదనంలో ఉంటుంది కనుక దాని లెక్క 4 − 6 + 4 − 1, అంటే సరిగ్గా 1.